ఫ్రాన్సిస్ డేవిస్

మోటారు వాహనములు వెలసిన తొలిదినములలో వానిని నడుపుట మిక్కిలి శ్రమతో కూడిన పని. బరువులు మోయు లారీలను మలుపు త్రిప్పుటకు గొప్ప భుజబలము కావలసియుండెను. ఇరుకు తావులలో డ్రైవరు రెండు చేతులతోను స్టీరింగు చక్రముతో పెనగులాడవలసివచ్చెడిది. ముందు చక్రము రాతికి తగిలినచో ఆ దెబ్బ అతని చేతులకును తగిలెడిది. ఈ కష్టమును తొలగింపబూనినవారిలో అగ్రగణ్యుడు ఫ్రాన్సిస్ డేవిస్.

డేవిస్ 1887వ సంవత్సరమున అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున జన్మించెను. హార్వర్డు విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు చదివి 1910లో పట్టభద్రుడయ్యెను. పిమ్మట బఫెలో నగరమందలి పియర్స్-యారో మోటారు కంపెనీలో చేరి, లారీల శాఖలో పనిచేసెను. డ్రైవర్లు పడు పాట్లను అతడచ్చట కన్నులార చూచెను. ఇంజను అంత బరువును లాగగలిగినపుడు దాని శక్తిలో కొంత చక్రమును త్రిప్పుటకేల వినియోగపడరాదని అతనికి తోచెను.

1922లో అతడా ఉద్యోగమును విడిచెను. మాసచూసెట్స్ రాష్ట్రములోని వాల్తాం పట్టణమున ఒక చిన్న కర్మశాలను అద్దెకు తీసికొని, జార్జి జెస్సప్ అను నేర్పరియైన పనివాని తోడ్పాటుతో ప్రయోగములకు పూనుకొనెను.

నూనె పీడనముతో స్టీరింగునకు బలము చేకూర్చవలెనని వారి యత్నము. ఆనాటి ద్రవయంత్రములలో కవాటములు మూసియుండుటచే నూనె ఎల్లవేళల అధిక పీడనమునకు లోనై, సందులనుండి కారిపోవుచుండెను. డేవిస్ ఈ పద్ధతిని తలక్రిందులు చేసెను. అతని యంత్రమున కవాటములు తెరచియేయుండును. ఇంజను త్రిప్పు పంపునుండి నూనె సులభముగా వచ్చి పోవుచుండును. డ్రైవరు చక్రమును త్రిప్పినపుడు మాత్రమే కవాటము కదలి, నూనెదారి ఒకవైపున ఇరుకగును. అంతట పీడనము హెచ్చి, పిస్టనును నెట్టి, చక్రములను మరల్చుటలో సాయపడును. చక్రము తిన్ననైనంతనే పీడనము తగ్గిపోవును.

డేవిస్ తన యంత్రమును 1921వ సంవత్సరపు పియర్స్-యారో కారునకు అమర్చెను. 1925లో దానిని మోటారు పరిశ్రమకు పుట్టినిల్లైన డెట్రాయిట్ నగరమునకు నడిపించుకొనిపోయి, కంపెనీలవారికి చూపెను. ఎంతటి మలుపైనను ఆ కారు అనాయాసముగా తిరుగుట చూచి వారబ్బురపడిరి. 1926లో జనరల్ మోటార్స్ కంపెనీ అతనితో ఒడంబడిక చేసికొని, కాడిలాక్ కార్లలో ఆ యంత్రమును పరీక్షింపజొచ్చెను. కాని అది ఖర్చుతో కూడిన పని. ఇంతలో 1929లో మొదలైన ఆర్థికమాంద్యముచే కార్ల అమ్మకములు పడిపోయెను. 1934లో ఆ ఒడంబడిక రద్దయ్యెను. చేతిదాక వచ్చిన ఫలము నోటికందలేదు.

అయినను డేవిస్ కృషి మానలేదు. 1936లో బెండిక్స్ కంపెనీతో క్రొత్త ఒప్పందము కుదుర్చుకొనెను. రెండవ ప్రపంచ యుద్ధమున మిత్రరాజ్యముల కవచవాహనములు మిక్కిలి బరువైనవగుటచే అతని యంత్రము అవసరమాయెను. యుద్ధభూమిలో దాని విలువ స్థిరపడెను.

1951లో క్రైస్లర్ కంపెనీ తన ఇంపీరియల్ కార్లను పవర్ స్టీరింగుతో విపణికి తెచ్చెను. అప్పటికి డేవిస్ పేటెంట్లు కొన్ని గడువు తీరియుండెను. వాని ఆధారముననే ఆ యంత్రము తయారయ్యెను. ఎన్నియో యేండ్లు శ్రమించి కాపాడుకొనిన భావమును ఇతరులు నిరాటంకముగా గైకొనిరి. అయితే ఈ సంఘటనయే అతనికి మేలును చేసెను. జనరల్ మోటార్స్ కంపెనీ మరల అతని వద్దకు వచ్చెను. 1952వ సంవత్సరపు కాడిలాక్ కార్లలో పవర్ స్టీరింగు వెలసెను. చిన్న కర్మశాలలో మొదలిడిన పని ముప్పది యేండ్లకు ఫలించెను.

డేవిస్ 1978లో కీర్తిశేషుడయ్యెను. నేడు పెక్కు కార్లలో నూనెకు మారుగా విద్యుత్తు ఆ పనిని చేయుచున్నది. అయినను డ్రైవరు కోరినపుడు మాత్రమే సాయపడి, కోరనపుడు మిన్నకుండుట అను నియమము మారలేదు. భుజబలము లేనివారును నేడు పెద్ద వాహనములను నడుపగలుగుచున్నారన్న, అందు లారీ డ్రైవర్ల కష్టమును చూచి ఊరకుండలేకపోయిన ఆ ఇంజనీరు ఓర్పునకు భాగము కలదు.