అనుదినాహారపు పాఠశాలలో జార్జి ముల్లరు

జార్జి ముల్లరు పేరు మన సంఘములలో ఎంత తరచుగా వినబడుచున్నదనగా, ఆయనను మనవంటి మనుష్యునిగా తలంచుటయే మానివేసితిమి. ప్రసంగికులు ఆయన ప్రార్థనలకు వచ్చిన జవాబులను వర్ణించుదురు. మనము విని ఆశ్చర్యపడి, అది ఆయనకు ఇయ్యబడిన వరము, మనకు కాదనుకొని ఇండ్లకు పోవుదుము. ఈ మాటను ఆయన ఎన్నడును ఒప్పుకొనలేదు. తనకున్నది ప్రత్యేకమైన విశ్వాసవరము కాదనియు, ప్రతి విశ్వాసికిని కలుగు కృపయే వాడుకచేత కొంచెము కొంచెముగా పెరిగినదనియు ఆయన పలుమారులు వ్రాసెను. అది వినయముచేత పలికిన మాటయా, నిజమా అని తెలియవలెనన్న, ఆయన చేతిలో డబ్బు ఏమాయెనో బాల్యమునుండి చూడవలెను.

ఆయన 1805 సెప్టెంబరు 27న ప్రష్యా దేశములో జన్మించెను. తండ్రి ప్రభుత్వపు సుంకములు వసూలుచేయు ఉద్యోగి. పదియేండ్లు నిండకమునుపే బాలుడు తండ్రియొద్దనున్న ప్రభుత్వ ధనమును దొంగిలించుట మరిగెను. పదునాలుగవ యేట తల్లి మరణించిన రాత్రి, ఆ సంగతి తెలియక, తెల్లవారుజామున రెండు గంటలవరకు పేకాడుచుండెను. సంస్కారభోజనములో చేరుటకు ముందు పాదిరిగారికి ఇమ్మని తండ్రి ఇచ్చిన రుసుములో పండ్రెండవ వంతు మాత్రమే ఇచ్చి, మిగిలినది తన జేబులో వేసికొనెను. పదునారవ యేట సత్రములలో విలాసముగా దిగి, బాకీ తీర్చలేక ఇరువదినాలుగు దినములు చెరసాలలోనుండెను. అయినను తండ్రి అతనిని పాదిరిని చేయవలెననియే కోరెను. ఆ ఉద్యోగములో సుఖజీవనమున్నదని ఆయన తలంపు. 1825లో హాలె విశ్వవిద్యాలయములో వేదాంత విద్యార్థిగా చేరిన తరువాతకూడ గుణము మారలేదు. ఆ వేసవిలో స్నేహితులతో స్విట్జర్లాండు చూడబోయినప్పుడు సొమ్ముసంచి ఇతని చేతిలోనుండెను. లెక్కలు తారుమారుచేసి తన వంతు ఖర్చు వారిపై వేసెను. యూదా ఇస్కరియోతు చేసిన పని ఇదియేగదా అని తరువాత తానే ఒప్పుకొనెను.

అదే సంవత్సరము నవంబరులో ఒక శనివారపు సాయంకాలము బేతా అను స్నేహితుడు అతనిని వాగ్నరు అను వర్తకుని ఇంటికి తోడుకొనిపోయెను. అక్కడ కొందరు సామాన్యులు కూడి, పాడి, ఒక ప్రసంగమును చదువుకొనుచుండిరి. ఒక మనుష్యుడు మోకాళ్లూని ప్రార్థించుట ముల్లరు అంతకుముందు చూచి యెరుగడు. వేదాంతము చదువుచున్నవానికి ఈ దృశ్యము క్రొత్తదగుట మనము ఆగి ఆలోచింపవలసిన సంగతి. ఆ రాత్రి అతడు సమాధానముతో పండుకొనెను. పాపములన్నియు ఒక్క దినమున విడిచిపోలేదు గాని దారి మారెను.

హాలె పట్టణము తెలుగువారికి పరాయిది కాదు. ఆగస్టు హెర్మన్ ఫ్రాంకె అక్కడ స్థాపించిన సంస్థలనుండియే బెంజమిన్ షుల్జ్ దక్షిణ భారతమునకు వచ్చి, బైబిలును తెలుగులోనికి అనువదించెను. ఆ అనువాదము అచ్చుకాలేదుగాని, ఆయన తిరిగి వెళ్లిన తరువాత 1740ల దశాబ్దములో చిన్న తెలుగు పుస్తకములు కొన్ని హాలెలోనే ముద్రింపబడెను. ఆ ఫ్రాంకె కట్టించిన అనాథశాలలోనే బీద విద్యార్థులకిచ్చు ఉచిత వసతిలో ముల్లరు రెండు నెలలు కాపురముండెను.

1829లో ఆయన ఇంగ్లాండుకు వచ్చి, మరుసటి యేట టైన్‌మత్‌లో ఒక చిన్న సంఘమునకు కాపరియై, మేరీ గ్రోవ్స్‌ను వివాహమాడెను. ఈమె సహోదరుడైన ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ లాభకరమైన దంతవైద్యమును విడిచి బాగ్దాదుకును, తరువాత మన దేశమునకును మిషనరీగా వచ్చినవాడు. ఆయన పిలుపు విని 1836లో బయలుదేరి వచ్చిన బౌడెన్, బీర్ దంపతులే గోదావరి డెల్టాలో సువార్త విత్తిరి. నరసాపురము, పాలకొల్లు ప్రాంతముల విశ్వాసులు ముల్లరు కుటుంబమునకు ఈ విధముగా బంధువులు! పెండ్లియైన నెలలోనే ముల్లరు జీతము వద్దనెను. సంఘములో కూర్చుండు బల్లలకు ధనికులు చెల్లించు అద్దెనుండి ఆ జీతము వచ్చుచుండుటయు, బీదలు వెనుకకు నెట్టబడుటయు యాకోబు పత్రికకు విరోధమని ఆయనకు తోచెను.

1832లో ఆయన స్నేహితుడైన హెన్రీ క్రెయిక్‌తో బ్రిస్టల్ చేరెను. అనాథశాల ఎందుకు తెరచెనో ఆయన స్పష్టముగా చెప్పెను. పిల్లల ఆకలి తీర్చుట ఒక కారణమే గాని మొదటిది కాదు. దినమునకు పదునాలుగు, పదునారు గంటలు చాకిరిచేసి, పని తగ్గించుకొన్నయెడల కుటుంబము పస్తుండునేమో అని భయపడి ప్రార్థనకు తీరికలేనివారిని ఆయన తన సంఘములో చూచెను. వృద్ధాప్యమునుగూర్చి బెంగపెట్టుకొన్నవారిని, మోసము లేక వ్యాపారము సాగదనువారిని చూచెను. దేవుడు నేటికిని నమ్మదగినవాడని వారు కన్నులార చూచుటకు ఒక నిదర్శనము కావలెను. 1835 డిసెంబరులో కీర్తన 81:10 చదువుచు, స్థలము, వేయి పౌనులు, తగిన పనివారు కావలెనని అడిగెను. అన్నియు సమకూడెను. 1836 ఫిబ్రవరిలో పిల్లలను చేర్చుకొను దినమును ప్రకటించి రెండు గంటలు కూర్చుండెను. ఒక్క దరఖాస్తైనను రాలేదు. అన్నిటికొరకు ప్రార్థించెను గాని, పిల్లలను పంపుమని అడుగనే లేదని అప్పుడు గ్రహించెను. ఆ రాత్రి అడిగెను. మరునాడు మొదటి దరఖాస్తు వచ్చెను. విల్సన్ వీధిలోని అద్దె యింట ఆరంభమైన ఈ పని 1870 నాటికి ఆష్లీ డౌన్ మీద ఐదు పెద్ద భవనములై, 2,050 మంది పిల్లలకు చోటిచ్చెను.

అయితే ఆయన విశ్వాసము బలపడినది ఆ భవనములలో కాదు. 1838 సెప్టెంబరునుండి కొన్ని యేండ్లు విల్సన్ వీధిలో అనుభవించిన కొరతలో. అప్పుడు ఉదయపు భోజనము ముగియునప్పటికి మధ్యాహ్నమునకు సొమ్ము లేని దినములు అనేకములు. ముల్లరు పనివారిని పిలిచి ఉన్న స్థితి దాచక చెప్పి, బయట ఎవరికిని తెలుపవద్దనియు, అప్పు చేయవద్దనియు నియమించెను. రొట్టెకు, పాలకు వారమునకొకసారి లెక్కతీర్చు వాడుకను సైతము మానిపించి, చేతిలో డబ్బున్నప్పుడే కొనవలెననెను. పనివారు తమ కొద్దిపాటి సొమ్మునుకూడ ఇచ్చివేసిరి. ఒకనాడు సాయంకాలము మూడు పౌనులకు పైగా తెచ్చియిచ్చిన స్త్రీ, ఆ సొమ్ముతో కొన్ని దినములుగా అనాథశాల ప్రక్క యింటనే బసచేసియుండెను. అనగా ఈ వైపున వీరు ప్రార్థించుచుండగా, గోడకావల జవాబు పెట్టెలోనుండెను! ఈ చిన్న సంగతి ముల్లరును మిక్కిలి సంతోషపరచెను.

మన తెలుగులో దేవునియందలి నమ్మకమునకును, మనుష్యుడు నమ్మకస్థుడగుటకును మాట ఒక్కటే. అనువాదకునికి ఇది ఒక్కొక్కప్పుడు చిక్కు తెచ్చును. ముల్లరు విషయములో మాత్రము వేరే మాట వెదకనక్కరలేదు. ప్రతి పెన్నీకిని రసీదు, ప్రతి సంవత్సరము లెక్కల తనిఖీ, అచ్చువేసిన నివేదిక. తండ్రి పెట్టెలో చేయిపెట్టిన బాలుడు ఈయనయే. 1841 డిసెంబరులో సొమ్ము మిగుల తక్కువయైనప్పుడు, ఆ సమయమున నివేదిక వెలువడినయెడల అది సహాయము కోరినట్లగునని, దానిని నాలుగు నెలలు ఆపివేసెను. ఆ నాలుగు నెలలు కఠినముగానే గడచెను.

అడుగకుండుట అందరికిని ఆజ్ఞయని మాత్రము నేననను. యెరూషలేములోని బీదలకొరకు పౌలు కొరింథీయులను విడమరచి అడిగెను; ఆ రెండు అధ్యాయములు లేఖనములోనున్నవి. ముల్లరు నివేదికలు చదివినవారు కదిలి సొమ్ము పంపిరనుటయు నిజమే. ఆయనను అనుకరింపగోరువారు చందాపుస్తకమును మూసివేయుటకంటె ముందు ఆయన ఉదయకాలమును అనుకరించుట మేలు. 1841వరకు ఆయన లేచినవెంటనే ప్రార్థించుటకు పూనుకొనుచుండెను. మనస్సు తిరుగాడుచు, కొన్నిసార్లు అరగంట వ్యర్థమగుచుండెను. ఆ యేట క్రమము మార్చి, ముందు వాక్యమును తెరచి, కొంచెము చదివి, తన ఆత్మ దానినుండి ఆహారము పొందునట్లు ధ్యానించి, అందులోనుండి పుట్టిన ప్రార్థన చేయసాగెను. పిల్లలకు రొట్టె ఎట్లో తన ఆత్మకు వాక్యమట్లు, దినదినమునకు. జీవితకాలములో ఆయన బైబిలును వందకు పైగా సార్లు ఆద్యంతము చదివెను.

1857 నవంబరులో మొదటి భవనమును వెచ్చగానుంచు బాయిలరు కారుట మొదలుపెట్టెను. దాని చుట్టు ఇటుకలు కట్టియుండెను. బాగుచేయవలెనన్న మంట ఆర్పవలెను. లోపల మూడువందలమంది పిల్లలు. బుధవారము పని ఆరంభింప నిర్ణయించిన తరువాత చలిగొట్టు ఉత్తరపు గాలి వీచసాగెను. ముల్లరు రెండు మనవులు చేసెను: గాలిని దక్షిణమునకు త్రిప్పుమని, నెహెమ్యా కాలమువలె పనివారికి పనిచేయు మనస్సు కలిగింపుమని. మంగళవారము రాత్రి వరకు ఉత్తరపు గాలియే. బుధవారము దక్షిణపు గాలి వీచెను. సాయంకాలము యజమాని వచ్చి, పనివారు ఆలస్యముగా ఉండి పనిచేయుదురనగా, వారు రాత్రియంతయు పనిచేయుట మాకిష్టమనిరి. ఇందులో ఆయన చేసినది గమనింపుడు: పనివారిని పిలిపించెను, దినము నిర్ణయించెను, ఆ పైన ప్రార్థించెను. గాలి మారలేదని మంగళవారము రాత్రి పని వాయిదా వేయలేదు.

ఇంటిలో ఆయన కోరినదంతయు జరుగలేదు. 1835లో పసివాడైన కుమారుడు ఏలీయా మరణించెను. 1853లో ఏకైక కుమార్తె లిడియా టైఫస్ జ్వరముతో మరణపు అంచునకు పోయి బ్రదికెను. 1870 ఫిబ్రవరిలో ముప్పదితొమ్మిది యేండ్ల సహచారిణి మేరీ గతించెను. కీర్తన 119:68 ఆధారముగా భర్తయే ఆమె జ్ఞాపకార్థ ప్రసంగము చేసెను: ఆమెను తనకిచ్చుటలో, అన్నియేండ్లు ఉంచుటలో, తీసికొనుటలో ప్రభువు మేలే చేసెనని మూడు భాగములుగా చెప్పెను. డెబ్బదవ యేట ఆరంభించి, పదునేడు సంవత్సరములు నలువదిరెండు దేశములలో ఆయన ప్రసంగించెను. మన దేశమునకును వచ్చెను. 1890 జనవరిలో జబల్‌పూరులో ఉండగా ఒక ఉత్తరము అందెను. జీతము లేక దాదాపు ముప్పదియేండ్లు అనాథశాలలో సేవచేసిన లిడియా ఇక లేదు. ఆయనకు అప్పుడు ఎనుబదినాలుగు.

ఆయన ప్రార్థించిన కాలమంతటిలో పదునైదు లక్షల పౌనులకు తక్కువకాని ధనము ఆయన చేతులమీదుగా ప్రభువు పనికి పోయెను. పదివేలకు పైగా అనాథలు పోషింపబడిరి. తనకు స్వంతముగా వచ్చిన దానిలోనుండి ఎనుబదియొక్క వేల పౌనులకు పైగా ఇచ్చివేసెను. 1898 మార్చి 9, బుధవారము సాయంకాలము ఆయన అనాథశాలలో ప్రార్థనకూటము నడిపించెను. మరునాడు ఉదయము ఏడు గంటలకు టీ తెచ్చిన పనిమనిషి తలుపు తట్టగా జవాబు రాలేదు. ఆయన మంచము ప్రక్క నేలమీద నిర్జీవుడై యుండెను. పుస్తకములు, ఇంటి సామాను మొదలైనవి కలిపి ఆయన ఆస్తి నూటడెబ్బది పౌనులకు లోబడియుండెను. అందులో రొక్కము అరువదికి కొంచెము పైన.