యెర్రగుంట్ల పేరయ్యగారు

మన జాతిలో క్రైస్తవ మార్గము నవలంబించినవారి ప్రసంగము వచ్చినప్పుడెల్ల, వారు కరవునాట గంజికై మతము మారిరను నపవాద మొకటి వినవచ్చుచుండును. ఆ మాట పలుకువారు యెర్రగుంట్ల పేరయ్యగారి చరిత్రము నెరుగరని మా తలంపు. ఈ సంచిక చదువు సోదరులలో శైవులును, వైష్ణవులును, క్రైస్తవులును గలరు. ఎల్లరకును పెద్దయైన యీ మాన్యుని గూర్చి నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

వీరి నివాసము కనిగిరి ప్రాంతమందలి తాళ్లకొండపాడు. వృత్తి తోళ్ల వర్తకము. గ్రామదేవతల జాతరలును, బలులును వీరి మనస్సునకు తృప్తి నొసగలేదు. రాజయోగ ముపదేశించు బండికట్ల వీరమ్మ యను నామెను గురువుగా గైకొని ధ్యాన మభ్యసించిరి. మాదిగవాని నీడ సోకిన స్నానమాడు కాలమున నొక స్త్రీ యాతనికి గురువగుట సామాన్యమైన సంగతి కాదు. దేవుడొక్కడే యను నిశ్చయము పేరయ్యగారి కా సాధనమువలననే కుదిరినది. ఆ దేవుడు తన్నెరుగునా యను సందేహము మాత్రము విడిపోలేదని మా యూహ.

వర్తకమునకై ఉత్తరదేశము పోయినప్పుడు ఏలూరిలో అలెగ్జాండరు దొరగారివలన యేసు వృత్తాంతము వినిరి. వెదకబోయినది తోళ్లబేరము, దొరకినది వేరు. వైష్ణవాచార్యులు కృపను గూర్చి మర్కటకిశోర న్యాయమనియు, మార్జాలకిశోర న్యాయమనియు రెండు విధములుగా వాదింతురు. కోతిపిల్ల తల్లిని తానే పట్టుకొనును. పిల్లికూనను తల్లియే నోట గరచుకొని పోవును. పేరయ్యగారు కోతిపిల్లవలె బయలుదేరి పిల్లికూనవలె మోయబడిరని మాకు తోచుచున్నది.

1866లో భార్యతో గూడ ఒంగోలు పోయి, జూయెట్ దొరగారిచే బాప్తిస్మము పొందిరి. ఆ యేడే క్లౌ దొరగా రొంగోలు చేరిరి. 1867 జనవరి 1వ తేదీన అచ్చట స్థాపింపబడిన సంఘమున సభ్యు లెనమండుగురే. ఆ నెలలోనే పేరయ్యగారి కోరికపై దొరగారు తాళ్లకొండపాడు రాగా, చుట్టుపట్ల పల్లెలనుండి మూటలు గట్టుకొని వచ్చినవారిలో 28 మంది బాప్తిస్మము పొందిరి. అప్పటికి కరవును లేదు, కాలువపనియును లేదు.

ఆదివారము పని చేయరాదు, చచ్చిన గొడ్డుమాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు అని నియమములు మూడు. వినుటకు స్వల్పములు. కాని గొడ్డు చచ్చిననాడే కడుపునిండు వాడలో రెండవ నియమమెంత కఠినమో మన ముసలివారికి చెప్పనక్కరలేదు. జాతరలో డప్పు గొట్టమన్నందులకు గ్రామపెద్దలు పలుచోట్ల బావినీరును, పనిని మాన్పించిరి. వీరి కృపకు లాభ మిట్టిది!

1876–78 నాటి కరవులో క్లౌగారు బకింగ్‌హాము కాలువపనిని గుత్తకు గైకొని వేలమందికి కూలి యిప్పించిరి. ఆ కరవుదినములలో బాప్తిస్మ మీయలేదు. కూలిపని ముగిసినపిమ్మట, 1878 జూలై 3వ తేదీన, వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మలో నొక్కనాడే 2,222 మంది మునిగిరి.

పేరయ్యగారు వార్ధక్యమువరకును పల్లెపల్లెకు కాలినడకను తిరిగి, 19వ శతాబ్ది ముగియకముందే పరమపదించిరి. క్లౌగారి భార్య 1899లో ఆంగ్లమున ప్రకటించిన గ్రంథమున వీరి కథ విపులముగా నున్నది.