రహీం సాహెబ్

సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో హైదరాబాదులో జన్మించారు. ఉపాధ్యాయ వృత్తి చేపట్టిన ఆయన ఫుట్‌బాల్ శిక్షకులుగా దేశఖ్యాతి పొందారు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పును గెలుచుకొన్నది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో ఆయన శిక్షణలోని భారత జట్టు నాలుగవ స్థానం పొందింది.

1962లో జకార్తాలో ఆసియా క్రీడలు జరిగాయి. అప్పటికే రహీంను క్యాన్సర్ వ్యాధి పీడిస్తున్నది. తొలి ఆటలోనే భారత జట్టు 0-2 గోల్స్‌తో దక్షిణ కొరియా చేతిలో ఓడింది. థాయ్‌లాండ్‌పై గెలిచినా, ఆ ఆటలో రక్షణ శ్రేణికి మూలస్తంభమైన జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీం అతనిని పక్కన పెట్టలేదు. సెమీఫైనల్‌లో ముందు వరుసకు పంపారు. దక్షిణ వియత్నాంపై జర్నైల్ గోల్ చేయడంతో ఆ వ్యూహం ఫలించింది.

సెప్టెంబరు 4న ఫైనల్‌లో మరల దక్షిణ కొరియాయే ఎదురైంది. ప్రేక్షకులు భారత జట్టును గేలిచేస్తున్నా క్రీడాకారులు చలించలేదు. పి.కె. బెనర్జీ మొదటి గోల్, జర్నైల్ రెండవ గోల్ సాధించారు. భారత్ 2-1తో స్వర్ణపతకం గెలుచుకొన్నది.

1963 జూన్ 11న రహీం కన్నుమూశారు. ఓటమికి కుంగక, ఉన్న బలాన్నే కొత్తగా అమర్చుకొని గెలిచిన ఆ గురువు జీవితం ఆదర్శప్రాయం.