వంటశాలలో దేవుని సన్నిధి: సహోదరుడు లారెన్సు

ఇప్పటి ఫ్రాన్సు దేశపు తూర్పు భాగమందున్న లొరేను ప్రాంతములో, ఒక పల్లెయందలి సామాన్య కుటుంబములో, సుమారు 1614వ సంవత్సరమున నికొలా హెర్మన్ జన్మించెను. తరువాతి కాలమున లోకమంతయు ఆయనను సహోదరుడు లారెన్సు అని పిలిచినది. ఆయన పండితుడు కాడు, ప్రసంగికుడు కాడు. వంటవాడుగాను చెప్పులు కుట్టువాడుగాను జీవించెను. అయినను దేవుని సన్నిధియందు నడచుట ఎట్టిదో ఆయన జీవితమునుండి నేర్చుకొనినవారు అనేకులు.

పదునెనిమిదవ యేట, చలికాలములో ఆకులు రాలిన ఒక చెట్టును ఆయన చూచెను. కొంతకాలమునకు అదే చెట్టు చిగురించి, పూచి, కాయునుగదా అని తలంచినప్పుడు దేవుని కాపుదలయు శక్తియు ఆయన హృదయమున నాటుకొనెను. అయితే ఆ దినములు ముప్పది సంవత్సరముల యుద్ధపు దినములు. సైనికుడైన నికొలా 1635లో గాయపడి, జీవితాంతము కుంటివాడాయెను. పిమ్మట ఒక ధనవంతునియింట సేవకుడుగా నుండెను గాని, చేతికి తగిలినదెల్ల పగులగొట్టు మోటువాడని తన్నుగూర్చి తానే చెప్పుకొనెను.

1640లో ఆయన ప్యారిస్ నగరమందలి కర్మెలు సన్యాసుల మఠములో సహాయక సహోదరుడుగా చేరెను. అక్కడ దేవుని సమాధానము వెంటనే దొరకునని తలంచినవారికి ఆయన చరిత్ర ఆశ్చర్యము కలిగించును. మొదటి పది సంవత్సరములు ఆయన మిక్కిలి శ్రమపడెను. పాత పాపములు కన్నులయెదుట నిలిచెను. నాలుగేండ్లపాటు తాను నశించుట నిశ్చయమనియే ఆయన నమ్మెను. ఎవరి మాటయు ఆయనను ఓదార్చలేకపోయెను. తుదకు ఆయన ఒక తీర్మానమునకు వచ్చెను: తనకు ఏమి సంభవించినను సరే, బ్రదికినంతకాలము దేవుని ప్రేమనుబట్టియే సమస్తమును చేయవలెను. తన రక్షణనుగూర్చిన కలవరమును సహా దేవుని చేతికి అప్పగించిన తరువాతనే ఆయన ఆత్మకు నెమ్మది కలిగెను.

ఆ నెమ్మది పరీక్షింపబడిన స్థలము వంటశాల. స్వభావమునుబట్టి వంటపని ఆయనకు ఎంతమాత్రము ఇష్టము లేదు. అయినను సుమారు పదునైదు సంవత్సరములు ఆ పని చేసెను. పని మొదలుపెట్టుటకు ముందు కృపకొరకు ప్రార్థించుచు, పని నడుమ ప్రభువుతో మాటలాడుచు, ముగించిన పిమ్మట స్తుతించుచుండెను. పెనముమీద గ్రుడ్డట్టు త్రిప్పుటయైనను, నేలమీది గడ్డిపరకను ఎత్తుటయైనను దేవుని ప్రేమకొరకే చేసెను. పాత్రల చప్పుడులో నలుగురు నాలుగు పనులు పురమాయించుచుండగా, మోకరించియున్నప్పటివలెనే ఆయన మనస్సు దేవునియందు నిలిచెను. 1666లో ద్రాక్షారసము కొనుటకు బర్గండీకి పంపబడినప్పుడు, కుంటికాలితో నడువలేక పడవలోని పీపాలమీదుగా దొర్లుచు పోవలసివచ్చెను. అదియు దేవుని పనియేయని ఆయన చింతపడలేదు.

ఆయన తలంపులు చెదరలేదనుకొనరాదు. చెదరినప్పుడెల్ల తన తప్పును ఒప్పుకొని, దేవుడు విడిచిపెట్టినయెడల తాను మరల అట్లే చేయుదునని విన్నవించి, మరి దానిని తవ్వుకొనక తిరిగి ప్రభువు తట్టు చూచుచుండెను. ఇట్టి తిరుగుటయే క్రమముగా ఆయనకు అలవాటాయెను.

తరువాత ఆయన చెప్పులు కుట్టుపనికి మార్చబడెను. 1691 ఫిబ్రవరి 12వ తేదీన ప్రభువునందు నిద్రించెను. ఆయన ఉత్తరములను, సంభాషణలను జోసెఫ్ ద బొఫోర్ అను గురువు సమకూర్చి, 1692లోను 1694లోను ప్రచురించెను. ఆయన రోమను కథోలికుడైనను, ప్రొటెస్టెంటు సంఘములు ఆ చిన్న పుస్తకమును ప్రీతితో చదివినవి. జాన్ వెస్లీ కూడ అందలి భాగములను తన క్రైస్తవ గ్రంథమాలలో చేర్చెను.

ప్రియ చదువరీ, ప్రార్థించునప్పుడు హృదయము ఎండిపోయి, ప్రభువు దూరమైనట్లు తోచుచున్నదా? పది సంవత్సరములు ఆలాగుననే నడచిన ఈ వంటవానిని తలంచుము. దేవుడు సమీపముగా ఉన్నాడనుటకు ఆధారము మన అనుభూతి కాదు, ఆయన నమ్మకత్వమే. పొయ్యియొద్దనైనను, పొలమందైనను, కార్యాలయమందైనను చేతిలోనున్న పనిని ఆయనకొరకు చేయుము. ఆయన ఇప్పటికే అక్కడ ఉన్నాడు.