మార్కులు, నడవడి, యల్లాప్రగడ సుబ్బారావు

నాన్నగారికో అమ్మగారికో బదిలీ ఉత్తర్వు వచ్చిందంటే మన ఇంట్లో రెండు పనులు మొదలవుతాయి. ఒకటి సామాను సర్దడం, రెండోది బడికి వెళ్ళి టీసీ తెచ్చుకోవడం. ఆ టీసీలో మన పేరు, పుట్టిన తేదీ, చదివిన తరగతి ఉంటాయి. కింద ఒక చిన్న గడిలో ప్రవర్తన అని ఉంటుంది. దాదాపు అందరికీ అందులో మంచిది అనే రాసి ఇస్తారు. మనం దాన్ని పెద్దగా పట్టించుకోం. మన కళ్ళన్నీ మార్కుల మీదే ఉంటాయి.

పదకొండో తరగతిలో బయాలజీ తీసుకున్న అన్నలనూ అక్కలనూ అడిగి చూడండి. విజయవాడలోనో వరంగల్‌లోనో ఉన్న మన చుట్టాల పిల్లలు ఆ చదువునే ఇంటర్ బైపీసీ అంటారు. డాక్టర్ కావాలంటే ఆ రెండేళ్ళు గట్టిగా చదవాలి, ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీలలో కావలసిన మార్కులు తెచ్చుకోవాలి, నీట్‌లో అర్హత సాధించాలి. వందేళ్ళ క్రితం నీట్ లేదు. అయినా మెడికల్ కాలేజీకి దారి అప్పుడూ తేలిక కాదు. ముందు మెట్రిక్యులేషన్ పాసవ్వాలి, తరువాత రెండేళ్ళ ఇంటర్మీడియట్ ముగించాలి, అప్పుడే వైద్య విద్య. మొదటి మెట్టు దగ్గరే పలుమార్లు తడబడి, చివరి మెట్టు మీద కూడా దెబ్బ తిన్న ఒక తెలుగు కుర్రవాడి కథ ఇది. ఆయన పేరు యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టాడు. తండ్రి జగన్నాథం గారు, తల్లి వెంకమ్మ గారు. ఏడుగురు పిల్లల్లో నాలుగోవాడు. తండ్రి రెవెన్యూ శాఖలో ఉద్యోగి. అనారోగ్యం వల్ల ఆయన ముందుగానే ఉద్యోగం మానుకోవలసి రావడంతో ఇల్లు గడవడం కష్టమైంది. జబ్బులతో దగ్గరివాళ్ళు ఒక్కొక్కరే పోవడం ఆ ఇంట్లో పిల్లలు చిన్నప్పుడే చూశారు.

అలాంటి ఇంట్లో పిల్లవాడికి చదువు మీద మనసు నిలవడం కష్టం. పదమూడేళ్ళ వయసులో సుబ్బారావు ఇల్లు వదిలి కాశీకి బయలుదేరాడని, అక్కడ యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు సంపాదించాలన్నది అతని ఆలోచన అని జీవిత చరిత్ర రాసినవాళ్ళు చెబుతారు. తల్లి ఊరుకోలేదు. వెనక్కి రప్పించి మళ్ళీ బడికి పంపింది. రాజమహేంద్రవరంలో చదువు సాగింది గానీ మెట్రిక్యులేషన్ మాత్రం అందలేదు. ఒకసారి తప్పాడు. రెండోసారీ తప్పాడు. చివరికి మద్రాసు వెళ్ళి, తిరువల్లిక్కేణిలోని హిందూ హైస్కూలులో చేరి, మూడో ప్రయత్నంలో పాసయ్యాడు. కొడుకు చదువు కోసం తల్లి తన ఒంటి మీది బంగారం కూడా అమ్మిందని అంటారు.

ఊరు మారినా, బడి మారినా చదువు పాడైపోతుందని మనలో కొందరు భయపడతారు. సుబ్బారావుకు ఊరు మారిన తరువాతే చదువు కుదుటపడింది.

మెట్రిక్యులేషన్ గట్టెక్కాక మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్‌లో చేరాడు. అక్కడ అతను మరో మనిషయ్యాడు. మెట్రిక్ రెండుసార్లు తప్పిన కుర్రవాడే లెక్కల్లో ముందు నిలిచాడు. కానీ ఆ వయసులో అతనికి డాక్టర్ కావాలన్న ఆలోచన లేదు. రామకృష్ణ మఠానికి వెళ్ళి వస్తుండేవాడు. సన్యాసం తీసుకుని సేవ చేయాలని కోరుకున్నాడు.

అక్కడ ఎదురైంది మార్కులతో పనిలేని పరీక్ష. మఠంలో చేరాలంటే తల్లి అనుమతి కావాలి. వెంకమ్మ గారు ఒప్పుకోలేదు. భర్తను పోగొట్టుకుని, కష్టపడి చదివించిన తల్లి కొడుకును కాషాయానికి ఎలా అప్పగిస్తుంది? మఠంలోని పెద్దలు కూడా తల్లి మాట కాదని అతన్ని చేర్చుకోలేదు. సేవే చేయాలనుకుంటే వైద్యం చదవమని, మిషన్ ఆసుపత్రుల్లో రోగులకు సేవ చేయవచ్చని సలహా ఇచ్చారు. సుబ్బారావు ఆ మాట విన్నాడు. ఇంటర్మీడియట్ ముగించి మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాడు.

అతని కథలో ఇది ముఖ్యమైన మలుపు. ఇంటర్మీడియట్ నుంచి మెడికల్ కాలేజీకి వెళ్ళడానికి ఆనాడు కావలసినవి కాగితం మీద ఉన్నాయి. సుబ్బారావు వాటితో పాటు తనకంటూ ఒక కారణాన్ని కూడా లోపలికి తీసుకువెళ్ళాడు. జబ్బుపడినవాళ్ళకు సేవ చేయాలన్నదే ఆ కారణం. ఆ తరువాత ఎన్ని తలుపులు మూసుకున్నా ఆ కారణం మాత్రం ఆయన్ని వదలలేదు.

వైద్య విద్యకు డబ్బు కావాలి. స్నేహితులు కొంత సాయం చేశారు. కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు కూడా చేయూతనిచ్చారు. 1919లో ఆయన కుమార్తె శేషగిరితో సుబ్బారావు గారి పెళ్ళి జరిగింది.

అవి దేశమంతా గాంధీగారి పిలుపుతో కదిలిన రోజులు. విదేశీ వస్త్రాలు వదలి ఖద్దరు కట్టాలని గాంధీగారు కోరారు. సుబ్బారావు గారు ఖద్దరుకు మారారు. ఆపరేషన్ గదిలో వేసుకునే దుస్తులను కూడా ఖద్దరుతోనే కుట్టించుకున్నారు. శస్త్రచికిత్స బోధించే ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్ ఇంగ్లీషువాడు. ఆయనకు ఇది నచ్చలేదు. సుబ్బారావు గారు రాత పరీక్షల్లో బాగానే రాశారు. అయినా పూర్తి ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు. దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే ఇచ్చారు.

ఇక్కడ కాసేపు ఆగి ఆలోచించాలి. డాక్టర్ కాబోయేవాడికి చదువుతో పాటు నడవడి కూడా ముఖ్యమే. ప్రాణం ఒకరి చేతిలో పెడుతున్నప్పుడు ఆ మనిషి నమ్మదగినవాడా, ఓపిక ఉన్నవాడా, నిజం చెబుతాడా అని చూడవలసిందే. ఈ రోజుల్లో కూడా వైద్య విద్యార్థికి హాజరు, క్రమశిక్షణ, రోగుల పట్ల మర్యాద తప్పనిసరి. అయితే నడవడిని తూచేవాళ్ళు కూడా మనుషులే. వాళ్ళ త్రాసు ఒక్కోసారి పక్కకు ఒరుగుతుంది. రోగికి హాని చేయడం నడవడి లోపం, పరీక్షలో మోసం చేయడం నడవడి లోపం. తన దేశపు నేత బట్ట కట్టుకోవడం ఏ లెక్కన లోపం అవుతుంది? ఆనాటి పాలకుల కళ్ళకు మాత్రం అది ధిక్కారంగా కనిపించింది. సుబ్బారావు గారు దానికి తన పట్టాతో మూల్యం చెల్లించారు.

మద్రాసు వైద్య సర్వీసులో ఉద్యోగం కోసం ప్రయత్నించారు. దొరకలేదు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించే పనిలో చేరారు. ఆ కాలంలోనే ఇంటి మీద మరో పిడుగు పడింది. స్ప్రూ అనే జబ్బుతో ఇద్దరు అన్నదమ్ములు కొద్ది రోజుల తేడాతో చనిపోయారు. తిన్నది ఒంటికి పట్టదు, రక్తం తగ్గిపోతుంది, మనిషి చిక్కి శల్యమవుతాడు. వైద్యం చదివిన అన్నదమ్ముడు పక్కన ఉండి కూడా ఏమీ చేయలేకపోయాడు. ఎందుకంటే ఆ జబ్బుకు మందు అప్పటికి ఎవరికీ తెలియదు.

అప్పుడు ఆయన అమెరికా వైపు చూశారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మ సంస్థ, మామగారు డబ్బు సాయం చేశారు. భార్యను ఇంటి దగ్గర వదిలి ఓడ ఎక్కి 1922 అక్టోబరులో బోస్టన్ చేరారు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వ్యాధుల మీద డిప్లొమా చదివారు. డాక్టరుగా పనిచేసే అవకాశం మాత్రం రాలేదు. పొట్ట గడవడానికి ఒక ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరుగా చేరారు. రోగుల మలమూత్రాల పాత్రలు శుభ్రం చేయడం కూడా ఆ పనిలో భాగమే. మద్రాసులో డాక్టరు చదువు చదివిన మనిషి ఆ పనిని చిన్నతనంగా భావించలేదు. మఠం పెద్దలు చెప్పిన సేవ ఒక రకంగా అక్కడే మొదలైంది.

పగలు ప్రయోగశాల, రాత్రి ఆసుపత్రి. సైరస్ ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతిని కనిపెట్టి 1925లో ప్రకటించారు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతిగా జీవరసాయన శాస్త్రంలో అది ఎన్నో ఏళ్ళు వాడుకలో నిలిచింది. ఆ కొలత చేతికి రావడంతో కండరాల్లో శక్తి ఎక్కడ దాగి ఉంటుందో వెతకగలిగారు. 1927లో ఫాస్ఫోక్రియేటిన్, 1929లో ఏటీపీ గురించి వారి పరిశోధనలు వెలువడ్డాయి. జర్మనీలో లోమన్ అనే శాస్త్రవేత్త కూడా అదే కాలంలో విడిగా ఏటీపీని కనుగొన్నారు. మన బయాలజీ పుస్తకంలో కణానికి శక్తినిచ్చే నాణెంగా చదువుకునే ఏటీపీ ఇదే. మనం మెట్లెక్కినా, బంతి విసిరినా, ఈ పేజీ తిప్పినా ఖర్చయ్యేది అదే.

1930లో ఆయనకు పిహెచ్.డి. వచ్చింది. అయినా హార్వర్డ్‌లో స్థిరమైన ఉద్యోగం దక్కలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ అనే ఊళ్ళో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. త్వరలోనే అక్కడి పరిశోధనలకు నాయకత్వం వహించారు. చివరి ఎనిమిదేళ్ళలో ఆయన బృందం చేసిన పని చూస్తే ఆశ్చర్యం వేస్తుంది.

మొదటిది ఫోలిక్ ఆమ్లం. కాలేయంలో అతి కొద్దిగా ఉండే ఈ విటమిన్‌ను విడదీసి, 1945లో ప్రయోగశాలలో తయారు చేశారు. అన్నదమ్ములను బలిగొన్న స్ప్రూకు ఇది పనిచేస్తుంది. ఇంటివాళ్ళకు అందని మందు లోకానికి అందింది. ప్రభుత్వ బడుల్లో వారానికోసారి ఇచ్చే ఐరన్ మాత్రలో ఫోలిక్ ఆమ్లం కూడా ఉంటుంది. గర్భిణులకు కూడా దాన్ని ఇస్తారు.

రెండోది క్యాన్సర్ మందు. ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి దాని పనిని అడ్డుకునే పదార్థాలను ఆయన బృందం తయారు చేసింది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లలకు ఇచ్చి చూశారు. 16 మంది పిల్లల్లో 10 మందికి కొంతకాలం పాటు జబ్బు తగ్గుముఖం పట్టింది. 1948లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. అప్పటిదాకా ఆ పిల్లలకు ఏ ఆశా లేదు. ఆ కోవకే చెందిన మెథోట్రెక్సేట్‌ను డాక్టర్లు ఈ రోజుకూ వాడుతున్నారు.

మూడోది బోదకాలుకు మందు. కాలు ఏనుగు కాలులా వాచిపోయే ఈ జబ్బు గోదావరి జిల్లాల్లో పుట్టిన ఆయనకు కొత్త కాదు. దానికి పనిచేసే డీఈసీ మాత్ర గురించి 1947లో ప్రకటించారు. ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి దగ్గరుండి మింగించే మాత్ర ఇదే. మీకు ఎక్కడైనా అది ఇస్తే, దాని వెనుక ఒక భీమవరం మనిషి ఉన్నాడని గుర్తుంచుకోండి. అరియోమైసిన్ అనే యాంటిబయాటిక్‌ను బెంజమిన్ డగ్గర్ కనుగొన్నది కూడా సుబ్బారావు గారు నడిపిన ఆ ప్రయోగశాలలోనే.

ఇంత చేసినా ఆయన పేరు లోకానికి పెద్దగా తెలియలేదు. పేరు కోసం ఆయన పాకులాడలేదు కూడా. 1948 ఆగస్టులో నిద్రలోనే కన్నుమూశారు. వయసు 53 ఏళ్ళు. 1922లో వదిలి వెళ్ళిన దేశానికి మళ్ళీ తిరిగి రాలేకపోయారు. శేషగిరి గారి ఎదురుచూపు అలాగే మిగిలిపోయింది. గొప్పవాళ్ళ జీవితాల్లో ఇంటివాళ్ళు పడ్డ కష్టం కూడా మనం మరిచిపోకూడదు. ఆయన శతజయంతి సందర్భంగా 1995లో భారత ప్రభుత్వం తపాలా బిళ్ళ విడుదల చేసింది.

మెట్రిక్ రెండుసార్లు తప్పాడని చూస్తే సుబ్బారావు చదువు రానివాడు. ఎల్.ఎం.ఎస్. కాగితం చూస్తే అరకొర డాక్టరు. ఆ ప్రొఫెసర్ టీసీ రాసి ఉంటే ప్రవర్తన గడిలో ఏమి రాసేవాడో మనం ఊహించగలం. కానీ రాత్రంతా ఆసుపత్రిలో పాత్రలు కడిగి, పొద్దున్నే ప్రయోగశాలకు వెళ్ళిన మనిషి నడవడిని ఏ గడిలో రాస్తారు?

మనలో కొందరు రేపు నీట్ రాస్తారు. కొందరికి మొదటిసారే సీటు వస్తుంది, కొందరికి రాదు. రానివాళ్ళు మళ్ళీ రాయవచ్చు, లేదా రోగులకు మేలు చేసే మరో దారి వెతుక్కోవచ్చు. కావలసిన మార్కుల కోసం కష్టపడి చదువుదాం. కాలేజీ నియమాలను గౌరవిద్దాం. వాటితో పాటు, ఎవరూ చూడని చోట మనం ఎలా ఉంటున్నామో మనమే ఒకసారి చూసుకుందాం. తరువాతి బదిలీకి టీసీ చేతికి వచ్చినప్పుడు ఆ చిన్న గడిని కాస్త ఆగి చదువుదాం.