ఆకాశానికి రూల్స్ ఎందుకు? ఓర్విల్ రైట్ కథ



సెలవుల తర్వాత మా క్లాసులో ఒక అబ్బాయి, పుట్టినరోజుకు నాన్న డ్రోన్ కొనిచ్చారని సంబరంగా చెప్పాడు. దాన్ని ఎక్కడపడితే అక్కడ ఎగరేయకూడదని తెలిసేసరికి డీలా పడిపోయాడు. ఆడుకునే వస్తువుకు కూడా రూల్స్ ఎందుకన్నది వాడి సందేహం. జవాబుగా ఆ రోజు క్లాసులో నేను చెప్పిన కథే ఈ నెల మీతో పంచుకుంటున్నాను. అది విమానం కనిపెట్టిన అన్నదమ్ముల్లో చిన్నవారైన ఓర్విల్ రైట్ కథ.

ఓర్విల్ 1871 ఆగస్టు 19న అమెరికాలోని డేటన్ పట్టణంలో పుట్టారు. అన్న విల్బర్ ఆయనకంటే నాలుగేళ్లు పెద్ద. 1878లో తండ్రి ఒక ఎగిరే బొమ్మ తెచ్చిచ్చారు. వెదురు, కాగితం, బెండు, రబ్బరు బ్యాండుతో చేసిన బొమ్మ అది. విరిగిపోతే అన్నదమ్ములే అలాంటివి మళ్లీ తయారు చేసుకున్నారు. పెద్దయ్యాక సైకిల్ షాపు నడుపుతూనే విమానం మీద పనిచేశారు. 1903 డిసెంబరు 17న కిట్టీహాక్ దగ్గర ఓర్విల్ 12 సెకన్లలో 120 అడుగుల దూరం ఎగిరారు.

ఇంతవరకు మన పిల్లలకు తెలిసిందే. తర్వాత జరిగింది చాలామందికి తెలియదు.

1908 సెప్టెంబరు 17న ఫోర్ట్ మయర్‌లో ఓర్విల్ సైన్యం ముందు విమానం నడిపి చూపిస్తున్నారు. పక్కన లెఫ్టినెంట్ థామస్ సెల్ఫ్రిడ్జ్ కూర్చున్నారు. గాల్లో ఉండగా ప్రొపెల్లర్ చీలి, తోక భాగాన్ని పట్టి ఉంచే తీగకు తగిలింది. విమానం కూలిపోయింది. సెల్ఫ్రిడ్జ్ ప్రాణాలు కోల్పోయారు. ఇంజిన్ విమాన ప్రమాదంలో చనిపోయిన మొదటి వ్యక్తి ఆయనే. ఓర్విల్‌కు తొడ ఎముక, పక్కటెముకలు విరిగాయి. హైస్కూల్ టీచరైన చెల్లెలు కేథరిన్ సెలవు పెట్టి వచ్చి, వారాల తరబడి దగ్గరుండి చూసుకున్నారు.

ఆ బాధలోనూ ఓర్విల్ విరిగిన భాగాలను ఆసుపత్రికే తెప్పించుకుని పరిశీలించారు. తప్పు ఎక్కడ జరిగిందో తెలుసుకున్నారు. 1909లో మెరుగుపరిచిన విమానంతో అక్కడికే తిరిగి వెళ్లి పరీక్షలు నెగ్గారు.

1912లో టైఫాయిడ్‌తో అన్న చనిపోయారు. ఓర్విల్ తర్వాత కంపెనీని అమ్మేసినా విమానాలను వదల్లేదు. 1918లో యుద్ధం కోసం చార్లెస్ కెట్టరింగ్ తయారు చేసిన పైలట్ లేని విమానానికి సలహాలిచ్చారు. నేటి డ్రోన్లకు అది తాత లాంటిది. 1920 నుంచి చనిపోయేవరకు ప్రభుత్వ విమాన పరిశోధన సంఘంలో సభ్యుడిగా పనిచేశారు. 1926 నుంచి ఆ సంఘం ఏటా విమాన తయారీదారులను తన ల్యాబ్‌కు పిలిచి, వాళ్ల సమస్యలు విని, పరిశోధనలు చూపించేది.

అప్పటిదాకా అమెరికాలో విమానం నడపడానికి కేంద్ర ప్రభుత్వ లైసెన్సు అంటూ లేదు. ప్రమాదాల వల్ల జనం విమానం ఎక్కడానికి భయపడేవారు. నమ్మకం లేకపోతే వ్యాపారమే ఉండదని గ్రహించిన విమాన కంపెనీలు చట్టం కావాలని తామే ప్రభుత్వాన్ని కోరాయి. అలా 1926 మే 20న వచ్చిన చట్టంతో పైలట్లకు లైసెన్సు, విమానాలకు తనిఖీ, ప్రమాదాలపై విచారణ మొదలయ్యాయి. మొదటి నంబరు లైసెన్సు ఓర్విల్‌కే ఇవ్వాలనుకున్నారు. తాను ఇప్పుడు విమానం నడపడం లేదని ఆయన వద్దన్నారు. ఓర్విల్ 1948 జనవరి 30న కన్నుమూశారు.

మన దేశంలోనూ డ్రోన్ రూల్స్ ముసాయిదాను ముందు అందరి అభిప్రాయాలకు పెట్టి, 2021 ఆగస్టులో ఖరారు చేశారు. గ్రీన్ జోన్‌లో 120 మీటర్ల ఎత్తు వరకు ఎగరేయవచ్చు. రెడ్ జోన్‌లో కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా ఎగరేయకూడదు.

తల్లిదండ్రులకు నాదొక చిన్న మనవి. మీ ఇంట్లో డ్రోన్ ఉంటే, ఎగరేసే ముందు మీరుండే చోటు ఏ జోన్‌లో ఉందో పిల్లలతో కలిసి మ్యాప్‌లో చూడండి. ప్రొపెల్లర్ మీద పగులు ఉందేమో వాళ్ల చేతే చూపించండి. మా క్లాసు అబ్బాయి ఇప్పుడు ఆ పని ఎవరూ చెప్పకుండానే చేస్తున్నాడట.