రోసెట్టా థార్ప్‌ను ఎవరు మరిచిపోయారు?

1951 జులై 3న వాషింగ్టన్‌లోని గ్రిఫిత్ స్టేడియంలో ఒక పెళ్లి జరిగింది. చూడ్డానికి వచ్చినవాళ్లు టిక్కెట్లు కొనుక్కుని వచ్చారు. తక్కువ లెక్క వేసినవాళ్లు కూడా ఇరవై వేల మంది అంటారు. పెళ్లికూతురు సిస్టర్ రోసెట్టా థార్ప్, వయసు 36, ఆమెకది మూడో పెళ్లి. తంతు ముగిశాక పెళ్లి గౌనుతోనే ఎలక్ట్రిక్ గిటార్ తగిలించుకుని కచేరీ చేసింది. బాణసంచా కాల్చారు. డెక్కా కంపెనీ ఆ వేడుకను రికార్డు చేసి అమ్మింది కూడా. పెళ్లికొడుకు ఎవరో తేలకముందే స్టేడియం ఒప్పందం కుదిరిందని ఆమె జీవితచరిత్ర రాసిన గేల్ వాల్డ్ చెబుతుంది. ఆ స్టేడియంలో ఆడే వాషింగ్టన్ సెనేటర్స్ బేస్‌బాల్ జట్టులో అప్పటికి ఒక్క నల్లజాతి ఆటగాడు కూడా లేడు. 1954 దాకా లేడు.

ఆ పెళ్లి జరిగిన 22 ఏళ్లకు ఆమె ఫిలడెల్ఫియాలో చనిపోయింది. సమాధి మీద రాయి పెట్టలేదు. ముప్పై ఏళ్లు దాటినా పెట్టలేదు.

హిప్‌హాప్, పాప్ వింటూ పెరిగిన మన విద్యార్థుల్లో చాలామందికి ఈమె ఒక చిన్న వీడియోలో పరిచయమవుతుంది. పాడుబడ్డ రైల్వే ప్లాట్‌ఫారం, వాన తడి, కోటు వేసుకున్న నడివయసు నల్లజాతి స్త్రీ, చేతిలో తెల్ల గిటార్. చూసినవాళ్లు అడిగే మొదటి ప్రశ్న, ఈమెను ఇన్నాళ్లూ ఎక్కడ దాచారని. ఎవరూ దాచలేదు. 1940లలో నల్లజాతి ఇళ్లలో ఆమె రికార్డులు మోగేవి, రేడియోలో ఆమె గొంతు వచ్చేది. స్టేడియం నింపిన మనిషి కనబడకుండా పోవాలంటే చాలామంది చేతులు పడాలి. అవి ఎవరి చేతులో చూడాలంటే ఆమె బతుకును మొదటినుంచీ చెప్పుకోవాలి.

అమెరికాలోని అర్కాన్సా రాష్ట్రంలో కాటన్ ప్లాంట్ అనే ఊరుంది. పేరులోనే పత్తి. 1915 మార్చి 20న ఆమె అక్కడ పుట్టింది. తల్లిదండ్రులు పత్తి ఏరే కూలీలు. తల్లి కేటీ బెల్ నూబిన్ పాడేది, మాండొలిన్ వాయించేది, వాక్యం చెప్పేది. వాళ్లు నమ్ముకున్నది చర్చ్ ఆఫ్ గాడ్ ఇన్ క్రైస్ట్ అనే పెంతెకోస్తు సంఘాన్ని. అక్కడ ఆరాధనంటే చప్పట్లు, కేకలు, కాళ్లు ఆడించడం, చేతికి దొరికిన ప్రతి వాయిద్యమూ. చదువుకున్న నల్లవాళ్ల చర్చిలు ఈ గోలను చూసి ముక్కు విరిచేవి. మన పల్లెలో రేకుల షెడ్డు మందిరం, డోలక్, రాత్రంతా సాగే ఉజ్జీవ సభ తెలిసినవాళ్లకు దీన్ని వేరే వివరించనక్కర్లేదు. డప్పు చర్చి గుమ్మం దాటడానికి ఎంతకాలం పట్టిందో మన పెద్దవాళ్లను అడిగితే చెబుతారు. రోసెట్టా సంఘంలో ఆ అడ్డు లేదు. నాలుగేళ్ల పిల్ల గిటార్ పట్టుకుంటే ఆశ్చర్యపోయి ముందుకు తోశారు. ఆరేళ్లకు తల్లి వెంట ఊరూరా సువార్త సభల్లో పాడుతోంది. ఆమెకు ఆ సంఘమే సంగీతం బడి.

1920ల మధ్యలో తల్లీకూతుళ్లు షికాగో చేరారు. దక్షిణాది పొలాల నుంచి లక్షలాది నల్లవాళ్లు ఉత్తరాది నగరాలకు వలసపోతున్న కాలమది. వాళ్ల చర్చి నలభయ్యో వీధిలో ఉండేది. తర్వాత రాబర్ట్స్ టెంపుల్ అన్న పేరుతో ప్రసిద్ధమైంది. 1955లో మిసిసిపీలో తెల్లవాళ్లు చంపిన పద్నాలుగేళ్ల ఎమ్మెట్ టిల్ శవపేటికను తల్లి తెరిచి ఉంచి లోకానికి చూపించింది ఈ సంఘం మందిరంలోనే. ఉద్యమ చరిత్ర చదివే మనకు ఆ చర్చి పేరు అలా తెలుసు. రాక్ అండ్ రోల్ గిటార్ సాధన చేసిన చోటుగా అంతగా తెలియదు.

1934లో థామస్ థార్ప్ అనే బోధకుడితో పెళ్లయింది. నాలుగేళ్లకు అతన్ని వదిలేసి న్యూయార్క్ వెళ్లిపోయింది. పేరు మాత్రం ఉంచుకుంది. 1938లో కాటన్ క్లబ్‌లో పాడింది. మళ్లీ కాటన్. ఈసారి వేదిక మీద నల్లవాళ్లు, కుర్చీల్లో ఎక్కువగా తెల్లవాళ్లు. ఆ అక్టోబర్ 31న డెక్కాకు నాలుగు పాటలు రికార్డు చేసింది. వాటిలో ఒకటి థామస్ డార్సీ రాసిన భక్తి పాట. ఆమె రికార్డు మీద దాని పేరు 'రాక్ మీ' అయింది. డిసెంబర్ 23న కార్నెగీ హాల్‌లో, నల్లజాతి సంగీతాన్ని ఆ పెద్ద వేదిక ఎక్కించిన 'స్పిరిచువల్స్ టు స్వింగ్' కచేరీలో కూడా ఉంది. ఒక్క ఏడాదిలో ఇంత.

చర్చి మండిపడింది. దేవుడి పాటను సారా తాగేచోట పాడిందన్నారు. లక్కీ మిలిండర్ బ్యాండుతో పనిచేసిన రోజుల్లో భక్తితో ఏ సంబంధమూ లేని సరసపు పాటలు కూడా పాడాల్సి వచ్చింది. ఆ మాట జీవితాంతం ఆమెను వెంటాడింది. మేం గమనించిందేమిటంటే, ఆమె ఎప్పుడూ ఒక పక్కకు పూర్తిగా జరిగిపోలేదు. క్లబ్బులో పాడి వచ్చి చర్చిలో పాడింది. 'సిస్టర్' అన్న మాట పేరు ముందు నుంచి తీసేయలేదు. సినిమా పాట వింటేనే పాపమని చిన్నప్పుడు విన్న క్రైస్తవ పిల్లలు మనలో చాలామందే ఉన్నారు. ఇది ఎంత గట్టి పట్టుదలో వాళ్లకు అర్థమవుతుంది.

ఇక గిటార్ గురించి. 1938లో ఆమె వాయించింది లోహపు రెసొనేటర్ గిటార్. కరెంటు లేకుండానే గట్టిగా పలికే రకం. కానీ పదిహేనుమంది బాకాలు ఊదే బ్యాండు ముందు అది చాలదు. 1940లలో ఎలక్ట్రిక్ గిటార్‌కు మారింది. చాలా బ్యాండుల్లో అప్పటికి గిటార్ పని వెనక కూర్చుని తాళం నిలబెట్టడం. ఆమె దాన్ని ముందుకు తెచ్చింది. ఒక పాదం పాడి ఆగుతుంది, తర్వాతి మాట గిటార్ చెబుతుంది. బోధకుడు ఒక మాటంటే సంఘమంతా బదులు పలికే పద్ధతే ఇది, కాకపోతే రెండు గొంతులూ ఆమెవే. విడివిడి తీగల మీద పరుగులు పెట్టి, ఒక్కసారి అన్ని తీగలనూ కొట్టి వదిలేస్తుంది. తర్వాత రాక్ సోలో అని లోకం చప్పట్లు కొట్టినదాంట్లో చాలా భాగం ఇక్కడ ముందే వినిపిస్తుంది.

1944లో పియానిస్టు శామీ ప్రైస్‌తో కలిసి 'స్ట్రేంజ్ థింగ్స్ హ్యాపెనింగ్ ఎవ్రీ డే' రికార్డు చేసింది. మరుసటి ఏడాది అది బిల్‌బోర్డ్ పత్రిక జాబితాలో రెండో స్థానానికి ఎక్కింది. ఏ జాబితా? 'రేస్' రికార్డుల జాబితా. నల్లవాళ్ల పాటలకు పెట్టిన వేరే అర అది. పాట ఎలా ఉన్నా, పాడినవాళ్ల ఒంటి రంగును బట్టి పెట్టె మారేది. ఇదే మొదటి రాక్ అండ్ రోల్ రికార్డని వాదించే సంగీత చరిత్రకారులున్నారు. మొదటిది ఏదన్న పందెం మీద మాకు పెద్దగా ఆసక్తి లేదు. అదే పాట తెల్లవాళ్ల అరలో పడి ఉంటే ఈ వాదన ఇన్ని దశాబ్దాలు ఆగి ఉండేదా అన్నది అడగాల్సిన ప్రశ్న.

1946లో మేరీ నైట్ అనే గాయని ఆమెతో చేరింది. మగ మేనేజర్ల నీడ లేకుండా ఇద్దరు నల్లజాతి స్త్రీలు దక్షిణాది అంతా తిరిగి హాళ్లు నింపారు. నింపిన ఊళ్లోనే పడుకోవడానికి గది దొరికేది కాదు, కాబట్టి బస్సులో పడుకునేవాళ్లు. హోటల్లో ముందు తలుపు తెల్లవాళ్లది, వెనక తలుపు దగ్గర నిలబడితే పొట్లం కట్టి ఇస్తే ఇచ్చేవాళ్లు. జోర్డనైర్స్ అనే తెల్లవాళ్ల బృందం కొన్నాళ్లు ఆమె వెనక పాడింది. వేదిక మీద కలిసి పాడొచ్చు, బల్ల దగ్గర కలిసి తినకూడదు. రెండు గ్లాసుల టీకొట్టు చూసిన ఊళ్ల నుంచి వచ్చిన మనకు ఈ లెక్క కొత్త కాదు. జోర్డనైర్స్ తర్వాత ఎల్విస్ ప్రెస్లీ వెనక పాడి పేరు తెచ్చుకున్నారు.

1947లో జార్జియా రాష్ట్రంలోని మేకన్‌లో కచేరీకి ముందు ఒక కుర్రాడు పాడుతుంటే విన్నది. వయసు పద్నాలుగు. వేదిక మీదికి పిలిచి పాడించి, చేతిలో డబ్బు పెట్టింది. పాడితే డబ్బొస్తుందని ఆ పిల్లాడికి ఆ రాత్రి తెలిసింది. అతనే లిటిల్ రిచర్డ్.

1950ల నడుమ ఎల్విస్, జెర్రీ లీ లూయిస్ వచ్చేసరికి ఆమెకు నలభై. గాస్పెల్ శ్రోతలు ఆమె మరీ లోకంలో పడిందన్నారు. కొత్త కుర్రకారుకు ఆమె పాడేది భక్తి పాట. రికార్డు దుకాణంలో ఆమె గాస్పెల్ అరలో ఉండిపోయింది, ఆమె వాయింపు మాత్రం ఇంకో అరలో అమ్ముడుపోయింది. తర్వాత రాక్ చరిత్ర రాసినవాళ్లకు గిటార్ అంటే మగవాడి చేతిలో వస్తువు. ఈ లెక్కలో ఇంకో చెయ్యి గురించి కూడా చెప్పాలి. పోరాట పాటలు పాడినవాళ్లను ఉద్యమ చరిత్రలు గుర్తుపెట్టుకున్నాయి. ఈమె పాడింది స్తుతి పాటలు, వేసుకుంది మెరిసే గౌన్లు, పెళ్లికి టిక్కెట్లు అమ్మింది. అందుకే ఆ పుస్తకాల్లోనూ చోటు తక్కువ దొరికింది. పత్తి చేల నుంచి వచ్చిన స్త్రీ తన సంతోషాన్ని ఇంత గట్టిగా, ఇంత ఖరీదుగా చాటుకోవడంలో రాజకీయం లేదనుకునేవాళ్లతో మేం ఏకీభవించం.

దేశంలో పని తగ్గాక 1957లో క్రిస్ బార్బర్ జాజ్ బృందంతో బ్రిటన్ తిరిగింది. 1964లో మడ్డీ వాటర్స్ తదితరులతో మళ్లీ వెళ్లింది. మే 7న గ్రెనడా టీవీ వాళ్లు మాంచెస్టర్‌లో మూతబడిన విల్బ్రహమ్ రోడ్ స్టేషన్లో ఒక ప్లాట్‌ఫారాన్ని వేదిక చేశారు. ప్రేక్షకులను రైల్లో తెచ్చి ఎదుటి ప్లాట్‌ఫారం మీద కూర్చోబెట్టారు. అంతా తెల్ల కుర్రకారు. ఆమె గుర్రపుబండిలో దిగింది. వాన కురవడంతో, మొదట అనుకున్న పాట మార్చి, నోవహు కాలపు వాన మీది పాట అందుకుంది. మనం చూసే వీడియో అదే. అమెరికాలో పౌరహక్కుల చట్టం మీద సంతకం పడటానికి అప్పటికి ఇంకా రెండు నెలలుంది.

1970లో పక్షవాతం వచ్చింది. మధుమేహం వల్ల ఒక కాలు తీసేశారు. ఆ తర్వాతా కుర్చీలో కూర్చుని పాడింది. 1973 అక్టోబర్ 9న, రికార్డింగుకు సిద్ధమవుతున్న సమయంలో మరోసారి పక్షవాతం వచ్చి పోయింది. నార్త్‌వుడ్ శ్మశానంలో పూడ్చారు.

1986లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ మొదటి విడత కళాకారులను ఎంచుకున్నప్పుడు లిటిల్ రిచర్డ్ ఉన్నాడు, ఎల్విస్ ఉన్నాడు. ఒక్క స్త్రీ కూడా లేదు. 1998లో అమెరికా తపాలా శాఖ థార్ప్ బొమ్మతో 32 సెంట్ల స్టాంపు వేసింది. దేశమంతా ఉత్తరాల మీద ఆమె ముఖం తిరిగిన రోజుల్లో సమాధి మీద పేరు లేదు. గేల్ వాల్డ్ పుస్తకం 2007లో వచ్చింది. 2008 జనవరిలో అభిమానులు కచేరీ పెట్టి డబ్బు పోగుచేశాకే రాయి నిలబడింది. హాల్ ఆఫ్ ఫేమ్ 2018లో పిలిచింది, అదీ పూర్వ ప్రభావాల కోటాలో.

వినాలనుకునేవాళ్లు మాంచెస్టర్ వీడియోతో ఆగిపోవద్దు. 1938 నాటి 'రాక్ మీ', 1944 నాటి పాట, మేరీ నైట్‌తో పాడిన 'అప్ అబవ్ మై హెడ్', ఈ మూడూ వరుసగా పెట్టుకోండి. మొదటిసారి గొంతు వినండి. రెండోసారి గొంతు ఆగిన చోట గిటార్ ఏమంటోందో వినండి.